దాచిన నెలలు

విరుదునగర్,
12 జూన్ 2024

రంజనీ,

బాగున్నావా? అక్క మోకాలి నొప్పి తగ్గిందా? నీ పిన్నమ్మ కాగితం మీద ఉత్తరం రాసిందేమిటని నవ్వకు. ఇది ఫోనులో చెప్పుకునే మాట కాదు. మా ఇంట్లో ఎవరి ఫోనైనా ఎవరైనా తీస్తారు. మెసేజ్ మోగగానే అత్త "ఎవురే అది?" అంటుంది. నేను వంటింట్లోంచి వచ్చేలోపు మీ చిన్నాయన దాన్ని చదివి వినిపించేస్తారు. తెలుగు అక్షరాలైతే ఆ భయం లేదు. ఇక్కడ అందరం తెలుగే మాట్లాడతాం, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. మా నాయన చౌడయ్య పలక మీద నాకు దిద్దించినవి, నేను నీకు ఎండాకాలం సెలవుల్లో దిద్దించినవి, ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

నాకు పెళ్ళై నాలుగేళ్ళయింది. వయసు ముప్పై మూడు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన చదివితే చాలు, మన వైపు వాళ్ళకు మిగతాది చెప్పనక్కర్లేదు. పోయిన వారం మదురైలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. రక్తం తీసి ఏఎంహెచ్ అనే పరీక్ష చేశారు. 0.7 వచ్చింది. ఆమె కాగితం చూసి, "ఓవేరియన్ రిజర్వ్ తక్కువగా ఉంది. ఆలస్యం చేయకండి. నెలసరి వచ్చిన రెండో రోజు స్కానుకి రండి. సారు కూడా ఒక పరీక్ష చేయించుకోవాలి" అని తమిళంలో గబగబా చెప్పింది. నేను నోరు తెరిచేలోపు తరువాతి టోకెన్‌ని పిలిచేశారు.

తిరుగు బస్సులో మీ చిన్నాయన, "రిజర్వ్ అంటే బండి ట్యాంకులో ఉంటాదే, అదేనా? అయితే ఇంకో నలభై కిలోమీటర్లు పోవచ్చు" అన్నారు. స్పేర్ పార్ట్స్ కొట్టు మనిషి, అంతకన్నా ఏమంటారు! నన్ను నవ్వించాలనే అన్నారని తెలుసు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన పరీక్ష సంగతి ఎత్తితే, "నాకేమి? నేను బాగుండాను గదా" అన్నారు. ఇంటికొచ్చి ఆ ట్యాంకు మాటే అత్తకూ చెప్పారు. ఆమె నవ్వలేదు. నా వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నువ్వు జువాలజీ చదువుతున్నావు. ఆ రిజర్వ్ అంటే ఏమిటి? అయిపోతే ఏమవుతుంది? మళ్ళీ నింపుకోవడానికి ఏమైనా దారి ఉందా? నాకు అర్థమయ్యేటట్టు రాయి. అక్కకు చెప్పకు, ఏడుస్తుంది.

నీ పిన్నమ్మ,
బృంద


కోవిల్‌పట్టి,
19 జూన్ 2024

ప్రియమైన పిన్నమ్మకు,

నీ ఉత్తరం అందిన రోజు నేను కాలేజీకి వెళ్ళలేదు. అమ్మకు తలనొప్పి అని చెప్పి, మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. నాకు భయం వేసింది. ఒక చిన్న గర్వమూ కలిగింది, దాచడం ఎందుకు. మన భాషలో నాకు వచ్చిన మొదటి ఉత్తరం ఇది. తెలుగు నిఘంటువు ఒకటి తెప్పించుకున్నాను, తెలుసా? రాత్రి పడుకునే ముందు ఒక పేజీ చదువుతాను. మన ఇంట్లో తెలుగు చెవికి తెలుసు గానీ కంటికి తెలియదు. "నిల్వ" అనే మాట దగ్గర నిన్న చాలాసేపు ఆగిపోయాను. నీ డాక్టరమ్మ చెప్పిన రిజర్వ్ అదే. అండాల నిల్వ.

ప్రొఫెసర్‌ని పాఠంలో సందేహంలా అడిగాను, పుస్తకం చూశాను. మగవాళ్ళ శరీరంలో బీజకణాలు ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతూ ఉంటాయి. మనకు అలా కాదు. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలన్నీ తయారైపోతాయి. పుట్టేనాటికి పది, ఇరవై లక్షలు. పెద్దమనిషి అయ్యేనాటికి మూడు, నాలుగు లక్షలు. ఆ తరువాత తగ్గడమే, కొత్తవి చేరడం లేదు. ఏఎంహెచ్ అనేది అండాశయంలోని చిన్న చిన్న అండకోశాల నుంచి ఊరే హార్మోను. అది రక్తంలో ఎంత ఉందో చూసి, లోపల ఎన్ని మిగిలాయో ఉజ్జాయింపుగా చెబుతారు.

ఇదంతా రాశాక నాకు విళాత్తికుళంలో అవ్వ విత్తనాల కుండ గుర్తొచ్చింది. బూడిద కలిపి, వేపాకు వేసి, మూతికి గుడ్డ కట్టి అటక మీద పెడుతుందే, అదే. ఎంత ఆకలి వేసినా ఆ కుండ మీద చెయ్యి వేయనివ్వదు. మన ఒంట్లో అలాంటి కుండ ఒకటి ఉంది పిన్నమ్మా. పుట్టినప్పుడే నింపి, గుడ్డ కట్టి, మనతో పంపించారు. నెలకొక్క విత్తనం మౌనంగా బయటికి నడిచి వస్తుంది, నేల దొరకకపోతే తిరిగి రాకుండా వెళ్ళిపోతుంది. నీ కుండలో అడుగున కొద్దిగా ఉంది. కొద్దిగా ఉండడం వేరు, ఖాళీగా ఉండడం వేరు.

ఆఖరి వాక్యం నాకే నచ్చింది. తప్పులుంటే దిద్దు.

నీ అక్షరాల పిల్ల,
శివరంజని


విరుదునగర్,
20 జూలై 2024

రంజనీ,

నీ ఉత్తరాన్ని పోస్టుమ్యాన్ చేతి నుంచి అత్తే అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమే బృందా, నీ అక్క కూతురు జాంగ్రీలు పిండి పంపిచ్చిండాదే! తినేదా, సదివేదా?" అంది. ఎదురింటి ఇసక్కియమ్మాళ్ కూడా నవ్వింది. నేనూ నవ్వి జాకెట్లో దోపుకున్నాను.

నువ్వు రాసినంత తేటగా డాక్టరమ్మ చెప్పి ఉంటే ఆ రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని కాదు. కుండ అనగానే అంతా కళ్ళకు కట్టింది. మీ అవ్వకు నేను కూతుర్ని, ఆ కుండ సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! ఒక ఏడు మిరప విత్తనం మరీ తక్కువ మిగిలింది. వాన కూడా సరిగా లేదు. "ఈ ఏడు వద్దు, ఉండేదాన్ని కాపాడుకుందాం" అని అమ్మ చేను ఖాళీగా వదిలేసింది. మరుసటి ఏడు పెట్టింది, పండింది. నాకు అప్పుడు పదేళ్ళు.

ఏం చెయ్యాలో నాకు ఇప్పుడు తెలిసింది. తొందరపడను. స్కానుకి ఈ నెల వెళ్ళలేదు. కొట్లో లెక్కల పని, ఆయనకు తీరలేదు. ఐప్పసి నెలలో, దీపావళి దగ్గర్లో, వెళ్దాం అంటున్నారు. అప్పటికి నా వైపు నుంచి నేను జాగ్రత్తగానే ఉంటాను.

నీ వాక్యాల్లో తప్పుల్లేవు. అందంగా రాస్తున్నావు.

బృంద


కోవిల్‌పట్టి,
2 ఆగస్టు 2024

ప్రియమైన పిన్నమ్మకు,

"అందంగా రాస్తున్నావు" అన్న మాట చదివి నేను ఎగిరిన ఎగురు చూసి అమ్మ "తేలేమైనా కుట్టిందా?" అంది.

నీ మనసు కుదుటపడినందుకు సంతోషం. అవ్వలా ఉంటానన్నావు, అంటే ఓపికగా ఉంటానని కదా? మంచిదే. కానీ స్కాను ఐప్పసి దాకా ఎందుకు ఆపడం? డాక్టరమ్మ ఆలస్యం వద్దన్నారు. చిన్నాయనకు తీరకపోతే నేను వస్తాను మదురైకి. ఉదయం బస్సు పట్టుకుంటే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. సెలవు రోజు చెప్పు.

ఇక్కడ గాలి ఆగకుండా వీస్తోంది, ఊరంతా దుమ్ము. వేరుశనగల కడలమిఠాయి పాకం వాసన మా వీధి దాకా వస్తోంది. నీకు రెండు పొట్లాలు దాచి పెట్టాను. ఇంటర్నల్ పరీక్షలు పదమూడు నుంచి. "జాగ్రత్త" అనే మాటలో "మేలుకుని ఉండడం" అనే అర్థం ఉందని నిఘంటువులో చూశాను. నువ్వు అలాగే ఉండు.

శివరంజని


కోవిల్‌పట్టి,
5 సెప్టెంబరు 2024

పిన్నమ్మా, పిన్నమ్మా, పిన్నమ్మా!

నాకు ఎందుకు చెప్పలేదు? మీ అత్త తంగమ్మాళవ్వ నిన్న రాత్రి అమ్మకు ఫోను చేశారు. "మీ సెల్లెలు రెండు నెలలుగా దీపం పెట్టని దినం ల్యా. నేను అడగలా, అదీ సెప్పలా. నా కండ్లు గుడ్డివా?" అన్నారట. అమ్మ ఫోను పట్టుకునే కూర్చుండిపోయింది. నెలసరి మూడు రోజులూ నువ్వు పూజగది వైపు వెళ్ళవని, ఆ రోజుల్లో ఆమే దీపం పెడతారని నాకు తెలుసు. ఆషాఢం దాటింది, శ్రావణమూ దాటింది, దీపం నీ చేతి మీదుగానే వెలుగుతోందట!

ఈ ఉదయం అవ్వ విళాత్తికుళం నుంచి మొదటి బస్సెక్కి వచ్చేసింది. సజ్జపిండి, ఎండిన సుండక్కాయలు, అవే ఉస్తికాయలు, పాత చీర చింపి ఉతికిన మెత్తటి గుడ్డలు. గుడ్డలు ఇప్పుడే ఎందుకని అమ్మ అడిగితే, "నాకు నడిసేదానికి కాళ్ళున్నప్పుడే తెచ్చి పెడతా" అంది. పదిహేనో తేదీ ఆదివారం అందరం నీ దగ్గరికి వస్తాం అంటున్నారు.

కుండ అడుగునున్న విత్తనం మొలిచింది! నేను ఈ వాక్యం రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో!

నీ శివరంజని


విరుదునగర్,
9 సెప్టెంబరు 2024

రంజనీ,

ఎవరినీ రానివ్వకు. నాకు జ్వరమని చెప్పు, ఏదో ఒకటి చెప్పు.

నాకు కడుపు కాదు. నేను మాత్రలు మింగుతున్నాను.

పంగుణి నెల జాతరకు అగ్నిచట్టి, ఆ నిప్పుల కుండ, ఎత్తేటప్పుడు నెలసరి అడ్డం రాకుండా ఇక్కడ ఆడవాళ్ళు మింగుతారే, అవే. మెడికల్‌లో అడిగితే ఇస్తారు, చీటీ అక్కర్లేదు. ఎవరూ ఏమీ అనుకోరు. నెలకొక్కటి బయటికి వస్తుందని, నేల దొరకకపోతే పోతుందని నువ్వు రాశావు. ఆయన పరీక్షకు ఇంకా ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకునేదాకా ప్రతి నెలా ఊరకే ఒకటి పారబోసుకోవడం ఎందుకు? నెలసరి రాకుండా ఆపితే అది లోపలే ఉంటుంది కదా అనుకున్నాను. అమ్మ చేను ఖాళీగా వదిలినట్టు. జూలై ఆఖరుది దాచాను, ఆగస్టు ఆఖరుది దాచాను. తల తిరుగుతోంది, రొమ్ములు నొప్పి. అది చూసి అత్తకు ఇంకా నమ్మకం కుదిరింది.

ఆమె నన్ను అడగలేదు రంజనీ. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఒక ఉదయం ఇంట్లో ఉన్న బొప్పాయి పండు తీసుకెళ్ళి ఇసక్కియమ్మాళ్‌కు ఇచ్చేసింది. తిరిగొచ్చి నా తల నిమిరింది. నాలుగేళ్ళలో మొదటిసారి. నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు. మీ చిన్నాయన కొట్టు నుంచి త్వరగా వస్తున్నారు. రాత్రి నీళ్ళ బిందె నన్ను ఎత్తనివ్వరు.

నాకు ఒక్క సంగతి చెప్పు. దాచినవి రెండూ లోపల అలాగే ఉన్నాయి కదా? ఎక్కడికీ పోవు కదా?

బృంద


కోవిల్‌పట్టి,
13 సెప్టెంబరు 2024

పిన్నమ్మా,

నీకు జ్వరమని చెప్పి అమ్మనూ అవ్వనూ ఆపాను. ఈ ఉత్తరం పోస్టులో రాదు. రేపు శనివారం నేనే తెచ్చి నీ చేతికి ఇస్తాను. నిన్న ఫోను చేస్తే నువ్వు "ఆ, భోజనం అయింది, కారక్కుళంబు" అన్నావు. పక్కన ఎవరో ఉన్నారని అర్థమైంది. రేపూ ఉంటారు. అందుకే రాసి తెస్తున్నాను. మేడ మీదికి వెళ్ళి చదువు.

దాచినవి లేవు.

ఆ మాత్రలు నెలసరిని వెనక్కి జరుపుతాయి, అంతే. అండాల తరుగుదలను ఆపవు. నెలకొక్కటి పోతుందని నేను రాసింది తప్పు. నాకు అసలు సంగతి అప్పుడే తెలుసు, పుస్తకంలో ఉంది. ప్రతి నెలా ఒక గుంపు అండకోశాలు పెరగడం మొదలుపెడతాయి. వాటిలో సాధారణంగా ఒక్కటే పూర్తిగా పెరిగి అండం విడుదల చేస్తుంది. మిగతావి ఎండిపోతాయి. మాత్ర వేసుకున్నా, వేసుకోకపోయినా, కడుపుతో ఉన్నా ఈ తరగడం జరుగుతూనే ఉంటుంది. "ఒక్క విత్తనం మౌనంగా నడిచి వస్తుంది" అని రాస్తే బాగుందనిపించి గుంపు సంగతి వదిలేశాను. దానివల్ల రెండు నెలలు పోయాయి. ప్రయత్నించగలిగిన రెండు నెలలు.

ఇప్పుడు రాసేవి ప్రొఫెసర్‌తోనూ, కాలేజీ హెల్త్ సెంటరుకు వచ్చే డాక్టరుతోనూ సరిచూసుకున్నాను. ఆ మాత్రలు నీకు నువ్వుగా మింగకూడదు. రేపే మదురైకి ఫోను చేసి, ఎన్నాళ్ళు వేసుకున్నావో చెప్పి, ఎలా ఆపాలో అడుగుదాం. ఆపితే కొద్ది రోజుల్లో నెలసరి వస్తుంది. రెండో రోజు స్కానుకు వెళ్ళాలి.

0.7 అంటే పిల్లలు పుట్టరని కాదు. ఆ పరీక్ష ఎన్ని మిగిలాయో సుమారుగా చెబుతుంది, అవి ఎలాంటివో చెప్పదు. మంచి అండమా కాదా అన్నది ఎక్కువగా వయసును బట్టి ఉంటుంది. తక్కువ ఏఎంహెచ్ ఉన్నవాళ్ళకు మామూలుగా గర్భం వచ్చిన సందర్భాలున్నాయి, రానివీ ఉన్నాయి. చికిత్సలో ఇంజెక్షన్లు ఇచ్చినప్పుడు తక్కువ అండాలు దొరకవచ్చు, అందుకే ఆలస్యం వద్దంటారు. చిన్నాయన పరీక్ష తప్పనిసరి. లోపం ఇద్దరిలో ఎవరిలోనైనా ఉండొచ్చు, ఇద్దరిలోనూ ఉండొచ్చు.

తంగమ్మాళవ్వకు చెప్పాలి. నేను పక్కన ఉండాలంటే ఉంటాను. వద్దంటే కడలమిఠాయి ఇచ్చి, తిరిగి బస్సెక్కుతాను.

రంజని


విరుదునగర్,
24 సెప్టెంబరు 2024

రంజనీ,

నువ్వు బస్సెక్కిన సాయంత్రమే చెప్పాను. అత్త పూలు కడుతోంది. నేను చెప్పింది మొత్తం విని, దారం తెంచకుండానే అడిగింది.

"రెండు నెలలు నా దీపం ముందర నిలబడి నన్ను మోసం చేసిండావా?"

"మోసం సెయ్యాలని కాదత్తా. భయపడి."

"భయమా? నేనేమి పులినా, నిన్ను కొరికేదానికి?"

ఆమె లేచి పూజగదికి వెళ్ళి తలుపు వేసుకుంది. రెండు రోజులు అన్నం పెట్టేది, నీళ్ళ చెంబు దగ్గరికి జరిపేది, అంతే. మీ చిన్నాయన కొట్లోనే పడుకున్నారు. ఆ రెండు రోజులు నేను ఎలా ఉన్నానో రాయను.

మదురై వాళ్ళు చెప్పినట్టే మాత్రలు ఆపాను. నెలసరి వచ్చింది. ఆ ఉదయం నేను దీపం దగ్గరికి వెళ్ళలేదు. అత్త చూసింది. తానే వెలిగించి వచ్చి, వంటింటి గడప మీద కూర్చుంది. "రెండో దినం పోవల్ల గదా? రేపు నేనూ వస్తా" అంది. "ఇసక్కియమ్మాళ్ అడిగితే?" అన్నాను. "వీదంతా సెప్పింది నేను. వీదికి జవాబు నేను సెప్తా. నువ్వు సుమ్మా ఉండు" అంది.

డాక్టరమ్మకు మాత్రల సంగతి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "చాలామంది ఇలాగే అనుకుంటారు. పోయింది రెండు నెలలు. ఇక ఒక్క నెల కూడా దాచకండి" అంది. స్కాను తెర నా వైపు తిప్పి చూపించింది. కుడి పక్క రెండు, ఎడమ పక్క రెండు, మిరియాల్లా నల్లటి గుండ్రాలు. నాకు ఉన్నవి నా కళ్ళతో చూశాను రంజనీ. తక్కువే. ఉన్నాయి.

"సారు పరీక్ష అయిందా?" అని ఆమె అడగ్గానే మీ చిన్నాయన గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టారు. అత్త అక్కడే అంది. "ఏరా వసంతా, దాని ట్యాంకు మాత్రం సూస్తే బండి నడుస్తాదా? నీ ఇంజిన్ ఎవురు సూసేది?" తెలుగులో అంది కాబట్టి డాక్టరమ్మకు అర్థం కాలేదు. నర్సుకు అర్థమైంది. సాత్తూరు పిల్లట, మనవాళ్ళే. నోటికి చేయి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది.

ఆయన పరీక్ష ఫలితం నిన్న వచ్చింది. కణాల కదలిక తక్కువగా ఉందట. మందులిచ్చారు. తిరుగు బస్సులో ఆయన ఏ జోకూ వేయలేదు. సాత్తూరు దగ్గర వెళ్తున్న లారీల వంక చూస్తూ, "నేను మొదట్లోనే పోయుండల్ల" అన్నారు. మన బస్సు దారిలో సాత్తూరు లేదు కదా అనకు, ఆయనకు తిరుచెందూరు వెళ్ళి మొక్కుకోవాలనిపించింది. అటు నుంచి వచ్చాం.

వచ్చే నెల చికిత్స మొదలు.

బృంద


విరుదునగర్,
4 నవంబరు 2024

రంజనీ,

దీపావళికి ముందు రోజు మదురైలో ఐయూఐ చేశారు, అంటే మీ చిన్నాయన బీజకణాలను సన్నని గొట్టంతో గర్భసంచిలోకి పంపారు. ఈసారి పెరిగిన అండం ఒక్కటే. ఒక్కటి చాలునట, కానీ మొదటిసారికే అందరికీ నిలవదట. ఇప్పుడు ఎదురు చూడడమే. పద్నాలుగున రక్తపరీక్ష. అత్త ఈసారి వీధిలో ఎవరికీ చెప్పలేదు. బొప్పాయి పండు మాత్రం ఇంట్లోకి రానివ్వడం లేదు.

అమ్మ, అంటే మీ అవ్వ, ఫోను చేసింది. వాన పడిందని కుండ విప్పి, ఉన్నదంతా విత్తేసిందట. ఆ తరువాత చినుకు లేదట. రోజూ గట్టు మీదికి వెళ్ళి చూసి వస్తోందట. ఇది నేను కల్పించి రాసింది కాదు, జరిగింది రాశాను.

వెన్నులో చిన్నగా నొప్పి మొదలైతే చేతిలో పని వదిలేసి కూర్చుంటున్నాను. బాత్రూముకు వెళ్ళాలంటే భయం. వెళ్ళొచ్చిన ప్రతిసారీ అత్త నా ముఖం చూస్తుంది. నేను లేదని తల ఊపుతాను. ఆమె మళ్ళీ తన పనిలో పడుతుంది.

పద్నాలుగున ఏం వచ్చినా నాకు ఎవరూ ఏమీ వివరించొద్దు. నువ్వు కూడా. చదివింది చాలు, తెలుసుకున్నది చాలు. ఈసారి నాకు మంచి మాటలు రాయకు. నిఘంటువు మూసిపెట్టి, ఉన్నదున్నట్టు రెండు ముక్కలు రాయి.

బృంద


కోవిల్‌పట్టి,
7 నవంబరు 2024

పిన్నమ్మా,

భయంగా ఉందా?

నాకూ ఉంది.

పదమూడు సాయంత్రం బస్సుకు వస్తున్నాను. నీ పక్కన పడుకుంటాను.

రంజని